మైనం కడుపులో నూనె

నిరుడు ఈస్టర్ నాడు తెల్లవారకముందే మా సంఘం వాళ్లమంతా సమాధుల తోటలో చేరాం. ఏటా అదే పద్ధతి. తూర్పు తెల్లబడే వేళకు ఎవరి వాళ్ల సమాధుల మీద వాళ్లు కొవ్వొత్తులు వెలిగిస్తారు. పాట ఎత్తుకుంటారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు. కొవ్వొత్తులు మా మేనత్త చేసినవి. అట్టపెట్టెలో మొత్తం నూట నలభై నాలుగు. రెండు వారాల ముందు నేనే లెక్కపెట్టి సర్దాను. సర్దినప్పుడు అన్నీ నిటారుగా ఉన్నాయి. ఆ సంగతి నా నోటు పుస్తకంలో రాసి కూడా పెట్టుకున్నాను.

పెట్టె తెరిచేసరికి లోపల అరటిపళ్లు ఉన్నాయి.

అంటే కొవ్వొత్తులే. చర్చి వెనక రేకుల గదిలో రెండు వారాలు ఎండ తగిలేసరికి అన్నీ ఒకే వైపు వంగి, ఒకదాన్నొకటి అతుక్కుని, అచ్చం అరటి అత్తంలా తయారయ్యాయి. విడదీసి పంచాం. కాస్త తిన్నగా ఉన్నవాటిని పట్టుకున్నవాళ్ల చేతుల్లో కూడా, వెలిగించిన కాసేపటికి అవి మెల్లగా నేల చూపులు చూశాయి.

మా సంఘ పెద్ద ఒకాయన ఉన్నాడు. మా అత్తకు వరసకు బావ. చేతిలో కొక్కెంలా ఉన్న కొవ్వొత్తిని పైకెత్తి అందరికీ వినపడేలా అన్నాడు.

"ఓలమ్మా, మరదలా! నీ కొవ్వొత్తులు మనకంటే బక్తి గలవి. మనమింకా కళ్లు మూసుకోనేదు, అవప్పుడే తలొంచీసినాయి."

సమాధుల తోటలో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. పాస్టరు గారు కూడా బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు. మా అత్త అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వు అయ్యాక మెల్లగా, "నా సేతిదే తప్పు బావా. అచ్చుల్లోంచి బేగి తీసీసినాను" అంది.

నేను ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాను. అచ్చుల్లోంచి ఆవిడ త్వరగా తీయలేదు. ఒక రాత్రంతా ఉంచి తీయడం నేను చూశాను. తప్పు చేతిది కాదు, మైనానిది. ఆ మైనం నాది.

మా అత్త కుట్టుమిషను మీద బతుకుతుంది. గొంతు బాగోదని పాటల జట్టులోకి ఎవరూ పిలవలేదు. కొవ్వొత్తుల పని మాత్రం ఆవిడ ఎవరికీ వదల్లేదు. వెనక వసారాలో రెండు అల్యూమినియం అచ్చులు, ఒక గిన్నె, నూలు ఒత్తుల చుట్ట. నేను పలకబలపం పట్టకముందు నుంచీ సంఘానికి క్రిస్మస్ కొవ్వొత్తులూ, ఈస్టర్ కొవ్వొత్తులూ ఆవిడవే. మైనం బజార్లో కొనేది. కొనడం ఎందుకు మానేసిందంటే, మేనల్లుడికి మైనం యూనిట్‌లో ఉద్యోగం వచ్చింది కాబట్టి.

నేను కెమికల్ ఇంజినీరింగ్‌లో డిప్లొమా చేశాను. నరసన్నపేట దాటాక, హైవేకి కాస్త లోపలగా, వరిపొలాల మధ్య ఒక చిన్న షెడ్డులో మా యూనిట్ ఉంది. నా హోదా కెమిస్టు. నా ల్యాబు ఆస్తి మొత్తం ఇది: ఒక బల్ల, రెండు థర్మామీటర్లు, ఒక త్రాసు, ఒక ఇత్తడి దిమ్మ, పాత దినపత్రికల కట్ట, ఒక నోటు పుస్తకం. పుస్తకం నేను తెచ్చుకున్నది.

మా పని ఏమిటో చెప్పాలి. ముడిచమురు నుంచి ఇంజన్ ఆయిల్ చేసేటప్పుడు అందులోని మైనాన్ని తీసేస్తారు. తీయకపోతే చలికి ఆ ఆయిల్ గడ్డకడుతుంది. అలా తీసి పక్కన పెట్టిన మైనాన్ని స్లాక్ వ్యాక్స్ అంటారు. అది డ్రమ్ముల్లో మాకు వస్తుంది. పాత బెల్లం రంగు. వేలు పెడితే దిగుతుంది. కిరసనాయిలు వాసన. పేరుకు మైనమేగానీ అందులో బోలెడు నూనె ఇంకా ఇరుక్కుని ఉంటుంది. ఆ నూనెను బయటికి రప్పించడమే మా వ్యాపారం.

దానికి మేం వాడేది పాతకాలపు పద్ధతి. స్లాక్ వ్యాక్సును కరిగించి వెడల్పాటి ట్రేల్లో పోస్తాం. గట్టిపడ్డాక పలకలుగా తీసి, ఒక మూసిన గదిలో ఇనుప జాలీల మీద పరుస్తాం. ఆ గదిలో గోడల వెంట వేడినీళ్ల గొట్టాలుంటాయి. గంటకు ఒక డిగ్రీ చొప్పున, తొందరపడకుండా, వేడి పెంచుతాం. మంచి మైనం గట్టిగానే ఉంటుంది. నూనె, దాంతోపాటు మెత్తటి మైనం, ముందే కరిగి పలకలోంచి కిందికి జారి జాలీలోంచి బొట్టుబొట్టుగా తొట్టిలో పడతాయి. అచ్చం పలకకు చెమట పట్టినట్టే ఉంటుంది. మేం ఆ గదిని చెమట గది అనే అంటాం. తర్వాత ఆ పలకల్ని మళ్లీ కరిగించి, ఒక రకం మట్టి కలిపి వడకడితే రంగూ వాసనా పోయి తెల్లటి మైనం వస్తుంది.

ఉద్యోగం ఏమిటని మా అత్త అడిగినప్పుడు, "మైనానికి చెమట పట్టించడం" అని చెప్పాను.

"నీకు సెమట పట్టకుండా దానికి పట్టిస్తావేటిరా? మంచి సదువే సదివినావు" అంది.

చెమట గదిలో పని చేసేది నలుగురు ఆడవాళ్లు. కళింగపట్నంలో చేపలు ఎండబెట్టే పని చేసి వచ్చినవాళ్లు. నరసన్నపేటలో కూతురింట్లో ఉంటున్న ఒక పెద్దావిడ ముందు చేరింది, మిగతా ముగ్గుర్నీ ఆవిడే తెచ్చింది. నేను ఆవిడని పెద్దమ్మా అంటాను. ఆవిడ నన్ను బావూ అంటుంది. థర్మామీటర్ వైపు ఒక్కసారి కూడా చూడదు. పలక మీద చేతి వెనకవైపు ఆనించి, "ఇంకొంచెం పెంచొచ్చు బావూ" అనేస్తుంది. ఆవిడ చేతినీ నా థర్మామీటర్‌నీ నెలరోజులు పోల్చి రాశాను. ఎప్పుడూ ఒక డిగ్రీకి మించి తేడా రాలేదు.

నేను చేరిన కొత్తలో తీసిన మొదటి పలకల్ని పరీక్షించాను. పరీక్ష సులువే. మైనాన్ని గోకి, దినపత్రిక ముక్కల మధ్య పెట్టి, ఇత్తడి దిమ్మ ఎక్కించి కొంతసేపు ఉంచాలి. నూనె ఉంటే కాగితం బజ్జీల పొట్లంలా అయిపోయి, అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయి. పై ముఖం చూశాను, కింది ముఖం చూశాను. రెండు కాగితాలూ పొడిగా ఉన్నాయి. పుస్తకంలో "నూనె లేదు" అని రాసి కింద రెండు గీతలు గీశాను. యజమానిని అడిగి మూడు పలకలు శుద్ధి చేయించి, బండి వెనక కట్టుకుని మండుటెండలో మా అత్త ఇంటికి తీసుకెళ్లాను. ఆవిడ వీధి వీధంతా చూపించింది. "మా అల్లుడు వండిన మైనం" అంది.

ఆ తర్వాతే అరటిపళ్ల ఈస్టర్ వచ్చింది.

ఆ మధ్యాహ్నమే నేను ఒక జాబితా మొదలుపెట్టాను. కొవ్వొత్తి వంగడానికి కారణాలు. పదకొండు తేలాయి. డ్రమ్ముల్లో సరుకు తేడాగా రావడం, గొట్టాల్లో నీళ్లు సరిగా తిరగకపోవడం, థర్మామీటర్ అబద్ధం చెప్పడం, మట్టి పాతబడటం, ఒత్తి లావు కావడం... అలా పదకొండు. ఒక్కొక్కటీ పరీక్షించి కొట్టేస్తూ వచ్చాను. వర్షాకాలం వెళ్లేసరికి పదకొండూ కొట్టేశాను. పలకల రెండు ముఖాలూ ఎప్పుడు చూసినా పొడిగానే ఉన్నాయి. వాటితో చేసిన కొవ్వొత్తిని ఎండలో పెడితే ఎప్పుడు పెట్టినా వంగుతూనే ఉంది.

మా యజమానికి పట్టలేదు. మా సరుకులో ఎక్కువ భాగం టార్పాలిన్లకు పూత వేసేవాళ్లు కొంటారు. వాళ్లకు కాస్త నూనె ఉన్నా ఇబ్బంది లేదు.

"టార్పాలిన్ వంగితే తప్పేటి? వంగడానికే గదా అదున్నాది" అనేవాడు.

మా అత్తతో మెల్లగా అన్నాను, బజారు మైనంతో చేసేయమని. ఆవిడ కుట్టు ఆపి, కళ్లద్దాల పైనుంచి చూసింది.

"అల్లుడు మైనం వండతంటే నాను బజారు మైనం కొనాలేటి? జనం ఏటనుకుంతారు?"

క్రిస్మస్ చలిలో నా మైనంతోనే ఎలాగో గట్టెక్కింది. సంక్రాంతి వెళ్లాక సంఘం సమావేశంలో మా అత్త బావ, ఆ సంఘ పెద్దాయన, లేచి, ఈస్టర్‌కి కొవ్వొత్తులు విశాఖ నుంచి తెప్పిద్దామన్నాడు. ఆయన మాటలో ఎగతాళి లేదు. అందుకే నాకు మరీ కష్టంగా అనిపించింది. ఎగతాళి చేసి ఉంటే మా అత్త తిరిగి ఒకటి అంటించి ఉండేది.

"సమాదుల కాడికి పైఊళ్లవాళ్లు కూడా వస్తారు మరదలా. మళ్లీ అలగైతే బాగోదు. ఇన్నేళ్లు సేసినావు, ఇంక కూకో" అన్నాడు.

మా అత్త కూర్చోలేదు, నిలబడింది.

"బావా, ఒక్కమాట. మట్టలాదివారం నాటికి నా కొవ్వొత్తి ఒకటి తెస్తాను. దక్షిణం కిటికీలో ఎండ పడతాది గదా, ఆ గట్టు మీద పెట్టండి. ఆరాధన మొదలెట్టినకాడి నుంచి ఆశీర్వాదం దాకా నిలబడిందా, ఈస్టర్‌కి నావే. వంగిందా, విశాఖ నుంచి తెప్పించుకోండి. మళ్లీ అచ్చులు ముట్టుకోను."

"పాస్టరు గారి ప్రసంగం ఎంతసేపో తెలిసే అంతన్నావా?" అన్నాడు పెద్దాయన. అందరూ నవ్వారు. పాస్టరు గారూ నవ్వారు, కాస్త ఆలస్యంగా.

మట్టలాదివారం అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఆదివారం. ఆ మాట ఆవిడ నా మీద నమ్మకంతో ఇచ్చింది. నా దగ్గర ఉన్నదేమో పదకొండు కొట్టివేతలున్న జాబితా.

ఫిబ్రవరిలో ఒకరోజు ల్యాబులో మళ్లీ ఒక పలక ముఖం గోకుతున్నాను. పెద్దమ్మ నీళ్లు తాగడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏటి బావూ, రోజూ దాని మొకం గోకతారు? దురదేటి దానికి?"

"నూనె ఉందో లేదో చూస్తున్నాను పెద్దమ్మా."

"మొకం మీద సూస్తే ఏటి తెలుస్తాది? సేప ఎండిందో నేదో మొకం సూసి సెప్తారేటి ఎవులైనా? మద్దెకి ఇరవాల. పైన గలగలమంతాది, ముల్లు కాడ పచ్చుంతాది. అలాటి సేప కొన్నోడు మళ్లీ మన కాడికి రాడు."

అంటూనే ఆవిడ పలకను ఎత్తి గడపరాయి అంచుకేసి కొట్టింది. పలక రెండుగా విరిగింది. లోపల పైనా కిందా తెల్లగానే ఉంది. నడిమధ్యలో రెండు వేళ్ల మందాన పచ్చటి చార ఉంది, తడిగా. వేలు పెట్టాను. వేలు మెరిసింది.

ఏడాదిపాటు ముఖాలు చూసి మోసపోయాను. కానీ ఒక విషయం నాకు అర్థం కాలేదు. కిందికి జారే నూనె కింద మిగలాలి, లేదా పూర్తిగా పోవాలి. పైకీ కిందికీ కాకుండా కడుపులో ఎందుకు ఆగింది? ఇది నా పదకొండు కారణాల్లో దేనికీ లొంగదు. పైకే అనేశాను.

"కిందికి దిగాల్సిన నూనె మధ్యలో ఎలా ఉండిపోయింది?"

వెనకాల వచ్చి నిలబడ్డ ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మరి తిరగేస్తన్నాం గదా బావూ" అంది పెద్దమ్మ.

"ఏం తిరగేస్తున్నారు?"

"పలకల్ని. మద్దేనం, మీరు బువ్వకెళ్లినప్పుడు."

"రోజూనా?"

"రోజూ. తిరగెయ్యకపోతే ఒక పక్కే ఎండదేటి? రెండోపక్క కుళ్లిపోదేటి? ఇసక మీద సేపైనా, జాలీ మీద మైనమైనా, ఎండేది ఎండేదే గదా!"

అప్పుడు నాకు లెక్క అందింది. ఉదయమంతా నూనె మెల్లగా కింది ముఖం దాకా దిగుతోంది. సరిగ్గా అప్పుడు ఆ నలుగురూ, ఆ వేడిలో, ఒక్కొక్క పలకనూ ఎత్తి తిరగేస్తున్నారు. దాంతో కింది ముఖం పైకొస్తుంది, నూనె మళ్లీ కిందికి ప్రయాణం కడుతుంది. మధ్యకు చేరేసరికి సాయంత్రమై గొట్టాలు కట్టేస్తాం. రెండు ముఖాలూ పొడి, కడుపులో నూనె. నా పరీక్షకు సరిగ్గా దొరక్కుండా దాక్కుంది.

"ఇంత బరువు, ఇంత వేడిలో, ఎవరూ చెప్పకుండా ఏడాదిగా చేస్తున్నారా? నాకెందుకు చెప్పలేదు?"

"సెప్పడమేటి? మొదటిరోజు మీరే అన్నారు గదా, రెండు పక్కలా బాగా సెమట పట్టాలనీసి."

పుస్తకం తీసి మొదటిరోజు పేజీ చూశాను. నా దస్తూరీలోనే ఉంది: "సిబ్బందికి సూచన. పలకలకు రెండు పక్కలా బాగా చెమట పట్టాలి." నేను అన్నది గదికి రెండు పక్కలా ఉన్న జాలీల గురించి. వాళ్లు విన్నది చేపకుండే రెండు పక్కల గురించి. ఆ వాక్యం ఎవరు చదివినా వాళ్లు విన్నట్టే అర్థం చేసుకుంటారు. జాబితాలో పన్నెండో కారణం రాశాను: "నేను."

నేను నవ్వడం మొదలుపెట్టేసరికి వాళ్లకు ధైర్యం వచ్చింది. "అయితే ఇంక తిరగెయ్యక్కర్నేదా?" అని ఒకామె అడిగింది. అక్కర్లేదన్నాను. "ఓర్నాయనో, ఏడాది నడుము!" అంటూ నడుము పట్టుకుంది.

అక్కడితో అయిపోతే కథ సులువుగా ఉండేది. తిరగేయడం ఆపి తీసిన పలకల్ని మధ్యకు విరిచి చూశాం. పచ్చటి చార పోయింది. కానీ పలకంతటా సన్నగా జిడ్డు మిగిలింది. దినపత్రిక మీద మరక చిన్నదైంది, మాయం కాలేదు. ఆ మైనంతో నేనే ఒక కొవ్వొత్తి పోసి షెడ్డు బయట ఎండలో పెట్టాను. నిరుటిది ప్రార్థన మొదలవకుండానే తలవంచింది. ఇది ప్రార్థన మధ్యలో తలవంచేలా ఉంది. మట్టలాదివారానికి మూడు వారాలే ఉంది.

మధ్యాహ్నం అందరం కలిసి అన్నం తింటున్నాం. పెద్దమ్మ కూతురికి ఒక గేదె ఉంది. ఆ రోజు డబ్బాలో నెయ్యి తెచ్చి అందరికీ తలో చెంచా వేసింది. నెయ్యి ఇసుకలా పలుకులు పలుకులుగా ఉంది. బాగుందన్నాను.

"పూస కట్టింది గదా మరి. మా యింట్లో ఎప్పుడూ ఇలగే కడతాది. కాసీసినాక మూతపెట్టి ఒక మూల ఒగ్గీయాల, కదపకూడదు. కళింగపట్నంలో మా కోడలు పిల్లుంది సూడండి, దానికి తొందర. పంకా కింద పెట్టీసుద్ది. ఇంకేటుంది, ముద్దయిపోద్ది. పూసా ఉండదు, ఏటీ ఉండదు."

నేను అన్నం కలపడం ఆపేసి షెడ్డు వైపు చూశాను. ట్రేల మీద రెండు పెద్ద పంకాలు జోరుగా తిరుగుతున్నాయి. వాటిని పెట్టించింది నేనే. మైనం త్వరగా గట్టిపడితే వారానికి ఒక తడవ ఎక్కువ తీయొచ్చని లెక్క వేసి, యజమాని మెప్పు పొందింది కూడా నేనే.

కాలేజీలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నెమ్మదిగా చల్లారితే స్ఫటికాలు పెద్దవిగా ఏర్పడతాయి. పెద్ద స్ఫటికాల మధ్య సందులుంటాయి, ఆ సందుల్లోంచి నూనె జారిపోతుంది. త్వరగా చల్లారిస్తే స్ఫటికాలు పిండిలా సన్నగా ఏర్పడి, నూనెను గుప్పిట్లో పట్టుకున్నట్టు పట్టుకుంటాయి. ఇంత తెలిసీ పంకాలు పెట్టాను. స్ఫటికం అన్న మాట నాకు పరీక్ష కాగితం మీదే ఉండిపోయింది. పూస అన్న మాట వినగానే మైనం కళ్లముందు కనిపించింది.

"పెద్దమ్మా, మైనానికి కూడా పూస కట్టాలి" అన్నాను.

"మరి కట్టాల గదా! ఆ పంకాలేటో మీ సదువులో ఉన్నాదేమో అనీసి ఊరుకున్నాం."

యజమాని పంకాలు మొత్తం ఆపడానికి ఒప్పుకోలేదు. ఒక వరస ట్రేలకు మాత్రం ఒప్పుకున్నాడు. "మీ అత్త కోసం ఒక్క తడవ" అన్నాడు. కరిగిన మైనం పోసి, మీద చెక్క మూతలు వేసి, మూతల మీద గోనెపట్టాలు కప్పి, ఎవరూ తాకకుండా ఒగ్గేశాం. నాకు గంటగంటకూ మూత తీసి చూడాలనిపించింది. పెద్దమ్మ ట్రేల ముందు పీట వేసుకుని కూర్చుంది. "కోడలు పిల్లలాగ సెయ్యకండి బావూ, అవతలికెళ్లండి" అని తరిమింది.

మర్నాడు మూత తీస్తే పలక మీద పూస కనిపించింది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే మంచు పట్టినట్టు మెరిసింది. చెమట గదిలో తొట్టిలోకి బొట్లు ఎప్పుడూ లేనంత వేగంగా పడ్డాయి. ఈసారి తిరగేయకుండా ఉండటానికి ఆ నలుగురూ చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. గది ఆపాక పలకను గడపరాయికేసి కొట్టే పని పెద్దమ్మకే ఇచ్చాను. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే తెలుపు. దినపత్రిక మీద దిమ్మ ఎక్కించి అన్నానికి వెళ్లొచ్చాను. అవతలి పేజీ అక్షరం ఒక్కటి కూడా ఇవతలికి రాలేదు.

ఆ మైనాన్ని శుద్ధి చేసి అత్త ఇంటికి తీసుకెళ్లాను. వసారాలో కూర్చోబెట్టి, జరిగిందంతా వరసగా చెప్పాను. నిరుటి తప్పు అచ్చులది కాదు, ఆవిడ చేతిది కాదు, నాదేనని కూడా చెప్పాను. ఆవిడ వింటూనే ఒక ముక్క గిన్నెలో వేసి కరిగించి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదీ మైనం" అంది. "నిరుడు నువ్వు తెచ్చిందైతే కిరసనాయిలు కంపురా."

"అంటే నీకు అప్పుడే తెలుసా?"

"గిన్నెలో ఏసీసరికే తెలిసింది. ఇన్నేళ్ల నుంచి కరిగిస్తన్నాను, ఆమాత్రం తెల్దేటి?"

"మరెందుకు చేశావత్తా?"

"అంత ఎండలో బండి మీద కట్టుకొచ్చినావు. బాగోనేదు పట్టుకుపో అని సెప్పమంటావా? అయినా అప్పటికే ఈదంతా సెప్పీసినాను."

"తప్పు నీ మీద ఎందుకేసుకున్నావు?"

"నాకు పాత పని, ఒక తప్పు పడినా తట్టుకుంతాది. నీది కొత్త ఉద్యోగం. సర్లే గానీ, ఆ ఒత్తుల సుట్ట ఇలగియ్యి."

మట్టలాదివారం నాడు పిల్లలూ పెద్దలూ మట్టలు పట్టుకుని పాడుతూ ఊరు తిరిగి చర్చికి వచ్చారు. మా అత్త ఒక పళ్లెంలో కొత్త కొవ్వొత్తి నిలబెట్టి దక్షిణం కిటికీ గట్టు మీద పెట్టింది. నేను దాని పక్కనే మరో పళ్లెం పెట్టాను. అందులో నిరుటి కొవ్వొత్తి, నేను వేడినీళ్లలో ముంచి తిన్నగా చేసి తెచ్చినది. పోల్చడానికి పాతది పక్కన లేకపోతే పరీక్షకు అర్థం లేదు. మా అత్త నా వైపు కోపంగా చూసింది. నేను గడియారం చూసుకుని పుస్తకం తెరిచాను.

మొదటి పాటకు రెండూ నిటారుగా ఉన్నాయి. సాక్ష్యాలప్పుడు కూడా ఉన్నాయి. కానుకల పాట అయ్యేసరికి నిరుటిది భుజాలు దించింది. వాక్యం చదివేటప్పటికి మెడ వంచింది. పాస్టరు గారు ప్రసంగం మొదలుపెట్టేసరికి సంఘంలో సగం మంది తలలు దక్షిణం వైపు తిరిగి ఉన్నాయి. కాసేపు చూసి ఆయన ఆగారు.

"మీరందరూ అటే చూస్తున్నారు. నేనొక్కణ్నే చూడకుండా ప్రసంగించడం కష్టంగా ఉంది" అని, ఆయనా వేదిక దిగి వచ్చి కిటికీలోకి తొంగిచూసి, తిరిగి వెళ్లి మొదలుపెట్టారు.

ఆ రోజు ప్రసంగం ఎప్పటికంటే పొడుగ్గా సాగిందని నా పుస్తకం చెబుతోంది. ఆయన కావాలనే సాగదీశారని మా అత్త నేటికీ అంటుంది. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా కిటికీ వైపు తిరగలేదు. బైబిలు మీద చూపు పెట్టుకుని కూర్చుంది. పేజీ కూడా తిప్పలేదు.

ఆశీర్వాదం అయ్యాక పెద్దాయన లేచి వెళ్లాడు. నిరుటిది పళ్లెం అంచు మీద గడ్డం ఆనించి పడుకుంది. కొత్తది పెట్టినది పెట్టినట్టే ఉంది. వేలితో తట్టాడు. టక్కుమంది.

"ఈ పడుకున్నోడెవడు?" అన్నాడు.

నేను లేచాను. "అది నా మైనం పెద్దాయనా. నిరుటి తప్పు అత్తది కాదు, నాది."

"మరి ఈ నిలబడ్డోడు?"

"అదీ నా మైనమే. ఎలా చెయ్యాలో నేర్పింది మాత్రం కళింగపట్నం పెద్దమ్మ."

"అయితే నీ డిప్లొమా ఇప్పటికి పాసైందన్నమాట" అని, మా అత్త వైపు తిరిగాడు. "ఎన్ని డజన్లు సేస్తావు మరదలా?"

"పన్నెండు" అంది మా అత్త. అప్పుడు తిరిగి చూసింది కిటికీ వైపు.

ఈస్టర్ తెల్లవారుజామున పెట్టె తెరిచాం. నూట నలభై నాలుగూ వరస తప్పకుండా నిలబడి ఉన్నాయి. పెద్దాయన ఒకటి తీసుకుని వాళ్ల నాన్నగారి సమాధి దగ్గరకు వెళ్లాడు. వెలిగించి, సిమెంటు మీద రెండు చుక్కలు కార్చి, వాటి మీద నిలబెట్టాడు. చెయ్యి తీయగానే అది పడిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది. అటు చూస్తే అందరి పరిస్థితీ అదే. గాలికి టకటకా పడుతున్నాయి. నూనె లేని మైనం గట్టిపడగానే ముడుచుకుని సిమెంటును వదిలేస్తోంది. ఈ సంగతి నా ఏ జాబితాలోనూ లేదు.

"ఓలి మరదలా, ఈసారి నిటారుగా ఉన్నాయి గానీ, నిలబడ్డానికి ఒప్పుకోటం నేదేటి?" అని అరిచాడు పెద్దాయన.

మా అత్త నా వైపు చూసింది. నేను చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. మట్టలాదివారం నాటి పాత కొవ్వొత్తి, కాగితంలో చుట్టి, అందులోనే ఉంది. గుర్తుగా దాచుకుందామని తెచ్చాను. ఒంటి వేడికి మెత్తబడి ముద్దలా అయింది. మా అత్త దాన్ని లాక్కుని, చిటికెడు తుంచి, ఉండచేసి, మా తాతయ్య సమాధి మీద ఒత్తి, దాని మీద కొవ్వొత్తిని గుచ్చింది. గాలి వచ్చింది. కొవ్వొత్తి కదల్లేదు.

"నాకూ కొంచెం ఇయ్యొసే!" అని ఎవరో అన్నారు. తర్వాత అటు నుంచి ఇంకొకరు. ఆ ఒక్క ముద్దనూ గోళీకాయలంత ఉండలు చేసి సమాధుల మధ్య పంచుకుంటూ వెళ్లాం. చివరి వరసలకు చాల్లేదు. మా అత్త ఇంట్లో నిరుటివి ఇంకేమైనా మిగిలాయా అని పెద్దాయన స్వయంగా వచ్చి అడిగాడు. అడుగుతూ నవ్వు ఆపుకోలేకపోయాడు.

తూర్పు తెల్లబడింది. పాట మొదలైంది. మా అత్త తన గొంతుతోనే పాడింది, ఎవరూ ఆపలేదు. పాట మధ్యలో నా వైపు వంగి చెవిలో అంది.

"వచ్చే ఏటికి ఒక పలక అలాటిది కూడా వండరా."

పుస్తకం తీసి రాసుకున్నాను: ఒక పలక పంకా కింద. మధ్యాహ్నం దాన్ని తిరగేయమని పెద్దమ్మతో చెప్పాలి.